సామూహిక దావా: జర్మనీ దారి మేలా, నెదర్లాండ్స్ దారి మేలా?

ఒక కంపెనీ లక్ష మంది దగ్గర తలా 30 యూరోలు అన్యాయంగా లాగిందనుకోండి. ఆ 30 యూరోల కోసం లాయరును పెట్టుకుని కోర్టు మెట్లెక్కేవాళ్లు దాదాపు ఉండరు. అందుకే, బాధితులందరి తరఫునా ఒకే సంస్థ దావా వేసే వీలు ప్రతి సభ్యదేశంలోనూ ఉండాలని యూరోపియన్ యూనియన్ 2020లో ఆదేశించింది. ఆ దావాలో మనం ఉన్నామా లేదా అన్నది తేల్చే పద్ధతి మాత్రం దేశానికో రకం.

జర్మనీలో పేరు రాయించుకున్నవాళ్లే లెక్క. 2023 అక్టోబరులో వచ్చిన చట్టం ప్రకారం అర్హత ఉన్న వినియోగదారుల సంఘం దావా వేస్తుంది. మనం ప్రభుత్వ రిజిస్టర్‌లో ఉచితంగా నమోదు కావాలి. వాదనలు ముగిశాక కూడా మూడు వారాలు గడువుంటుంది కాబట్టి కేసు ఎటు పోతోందో చూసుకుని చేరొచ్చు. నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఇది. డీజిల్ కార్ల పొగ పరీక్షల్లో మోసం చేసిందని ఫోక్స్‌వాగన్ మీద ఇంతకుముందున్న 2018 నాటి చట్టం కింద నడిచిన కేసులో 2020లో రాజీ కుదిరింది. సుమారు 2,60,000 మందికి, కారును బట్టి 1,350 నుంచి 6,257 యూరోల వరకు ఇస్తామన్నారు. అంత డబ్బు వస్తుందంటే ఎవరైనా ఫారం నింపుతారు. 30 యూరోలకైతే చాలామంది నింపరు, ఆ మేరకు కంపెనీకే మిగులు.

నెదర్లాండ్స్‌లో 2020 జనవరి నుంచి దీనికి తిరగేసిన పద్ధతి. అక్కడ నివసించే బాధితులు ‘నాకు వద్దు’ అని చెప్పకపోతే దావాలో ఉన్నట్టే. పౌరసత్వంతో పని లేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉద్యోగం చేసే తెలుగువాళ్లు డచ్ నోటీసు చదవకపోయినా లెక్కలోకి వస్తారు. దేశం బయట ఉన్నవాళ్లు మాత్రం మామూలుగా తామే ముందుకొచ్చి చేరాలి.

అయితే ఇక్కడ ఆలస్యం ఎక్కువ. బాధితుల తరఫున దావా వేసే లాభాపేక్ష లేని సంస్థకు (ఫౌండేషన్) ఆ అర్హత ఉందా అన్నదాని మీదే ఏళ్ల తరబడి వాదన నడుస్తుంది. జనం వ్యక్తిగత డేటాను అక్రమంగా వాడుకున్నాయంటూ ఒరాకిల్, సేల్స్‌ఫోర్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీల మీద 2020లో వేసిన కేసును కింది కోర్టు 2021లో గుమ్మంలోనే ఆపేసింది. అప్పీలు కోర్టు 2024లో లోపలికి రానిచ్చింది. పైగా దావా ఖర్చులు భరించిన ఫండింగ్ సంస్థ పరిహారంలో వాటా అడగొచ్చు. జర్మనీ ఆ వాటాను 10 శాతానికి కట్టడి చేసింది.

కారులాంటి పెద్ద నష్టమైతే నేను జర్మనీ దారికే ఓటేస్తాను. డేటా, టికెట్లు, ఫోన్ బిల్లుల్లాంటి చిన్న మొత్తాలకు మాత్రం, ఎంత ఆలస్యమైనా, డచ్ దారే మేలు.