అమ్మ ప్రార్థన పుస్తకానికి, బడి నోట్‌బుక్కులకు బైండింగ్ చేసిన తిరుపతి షాపు

తిరుపతిలో యూనివర్సిటీ చుట్టుపక్కల థీసిస్ బైండింగ్ చేసేవాళ్లకు కొదవ లేదు. నల్ల రెగ్జిన్, బంగారు రంగు అక్షరాలు, సాయంత్రం ఇస్తే మర్నాటికి చేతికొస్తుంది. ఆ పనికి ఎక్కడికెళ్లినా ఒకటే. పాత పుస్తకం, అందులోనూ పోయినవాళ్ల చేతిరాత ఉన్న పుస్తకం అయితే మాత్రం బాలాజీ కాలనీ వైపు సందులో ఉన్న ఈ పెద్దాయన దగ్గరికే పోండి. బోర్డు సరిగా కనపడదు. జిరాక్స్ షాపు పక్కన మెట్లు దిగితే లోపల ఉంటుంది.

నేను ఇచ్చినవి అమ్మ ప్రార్థన పుస్తకం, ఆమె బడి గురించి రాసుకున్న లాంగ్ నోట్‌బుక్కులు రెండు. అమ్మ పాకాల వైపు పల్లెల్లో మండల పరిషత్ బడుల్లో టీచరు. చిత్తూరులో పొద్దున్నే తిరుపతి పాసింజరు ఎక్కి పాకాలలో దిగి, అక్కడినుంచి ఆటోలో వెళ్లేది. నాన్న పోయాక మా ఇద్దరినీ ఆ జీతంతోనే చదివించింది. ఎన్నేళ్ల సర్వీసు వచ్చినా ఒకటి, రెండు తరగతులే కావాలని అడిగి తీసుకునేది. మేం కతోలికులం, ఆదివారం చర్చిలో పూజ అయ్యాక మళ్లీ ఆ గుడి వరండాలో పిల్లలకు జ్ఞానోపదేశం, అంటే మత పాఠాలు చెప్పేది. ఇంటికొచ్చేసరికి ఒంటిగంట దాటేది. మాకు ఆకలేసినా ఆమె గొంతులో విసుగు ఎప్పుడూ వినలేదు.

బడికి అప్పజెప్పే రికార్డులు వేరే. ఈ నోట్‌బుక్కులు ఆమె సొంతానికి రాసుకున్నవి. ఒక్కో బిడ్డకు అర పేజీ. ‘బోర్డు కనపడలేదంటాడు, ముందు వరసకు మార్చాలి.’ ‘ఏడో ఎక్కంలో ఏడెనిమిదులు దగ్గర ఆగిపోతుంది.’ ‘అమ్మానాన్న బెంగుళూరు పనికి పోయినారు, అవ్వ దగ్గరుంది, అవ్వతో మాట్లాడాలి.’ జూన్‌లో బడి తెరిచిన రోజుల్లో చాలా పేర్ల పక్కన ‘కాయలు’ అని ఒక్క మాటే కనిపిస్తుంది. మన దగ్గర తోతాపురి మామిడి కోసి గుజ్జు ఫ్యాక్టరీలకు తోలే రోజులు కదా, ఇంటిల్లిపాదీ తోటల్లోనే ఉంటారు. బడి వదిలాక అమ్మ ఆ తోటల దాకా నడిచిపోయి పిల్లల్ని పంపించమని అడిగి వచ్చేది.

నోట్‌బుక్కులో ఏ పిల్లల కష్టం రాసిందో వాళ్ల పేర్లే ప్రార్థన పుస్తకం అంచుల్లో పెన్సిలుతో ఉన్నాయి. జపమాల చెప్పేటప్పుడు తలుచుకునే యేసు, మరియమ్మల జీవిత ఘట్టాలను దేవరహస్యాలంటాం. ఫలానా దేవరహస్యం దగ్గర ఫలానా బిడ్డ. తెలియనివాళ్లకు అవి పిచ్చిగీతల్లా కనిపిస్తాయి. అందుకే నాకు బైండింగ్ అంటేనే టెన్షన్. ఎందుకంటే రెండు నోట్‌బుక్కుల్లో ఒకటి అంతకుముందే వేరే ఊళ్లో ఒక షాపులో దెబ్బ తినింది. అంచులు సమంగా రావాలని మూడు పక్కలా మిషన్‌లో పెట్టి కత్తిరించేశారు. అమ్మ రాసిన తేదీలు చాలావరకు ఆ ముక్కల్లోనే పోయాయి. పైగా పక్కనుంచి కుట్టడంతో పేజీలు సగమే తెరుచుకునేవి, లోపలి వైపు మాటలు చదవడానికి వీలయ్యేది కాదు.

ఈ పెద్దాయన ముందు చేతులు కడుక్కుని వచ్చాడు. ‘ప్రార్థన పుస్తకమా మా?’ అని అడిగాడు. అవునన్నాక దాన్ని కింద తన పని చేసే చోట పెట్టకుండా, గోడకున్న వెంకటేశ్వరస్వామి పటం కింది చెక్క మీద పెట్టాడు. ఆ తర్వాత పేజీలు ఒక్కొక్కటే తిప్పాడు. అమ్మ అందులో ఏవేవో దాచేది. మట్టల ఆదివారం నాడు గుడిలో ఇచ్చిన ఆకుతో అల్లిన చిన్న సిలువ, వేళాంగణ్ణి మాత పటం, మదర్ తెరెసా పటం. మామూలుగా మా ఇళ్లల్లో ఆ ఎండిన మట్టల్ని గుడికి తిరిగి ఇస్తాం, వాటిని కాల్చిన బూడిదే మరుసటి ఏడు ఉపవాస కాలం మొదలయ్యే విభూతి బుధవారం నుదుటికి పెడతారు. ఈ ఒక్కటి మాత్రం అమ్మ ఇవ్వకుండా ఉంచుకుంది, ఎందుకో నాకు చెప్పలేదు. ఆయన ఒక్కోటి తీసి, చిన్న చీటీ మీద అది ఏ పేజీలో ఉందో రాసి, చీటీతో సహా కవర్లో వేశాడు. పని అయ్యాక అన్నీ వాటి వాటి పేజీల్లోనే ఉన్నాయి. ఆకు మరక ఎక్కడుందో సిలువ సరిగ్గా దాని మీదే.

మదర్ తెరెసా మొదట కలకత్తా బళ్లో టీచరుగా పనిచేసిందని అమ్మకు గొప్ప ఇష్టం. ఆమె కన్నుమూసింది 1997 సెప్టెంబరు 5, మన టీచర్స్ డే నాడే. అందుకని ఆ రోజు అమ్మకు రెండు పండగలు. పొద్దున పూజకు వెళ్లి, ఆ చీరతోనే బడికి పోయేది. 2016లో సెప్టెంబరు 4న మదర్‌కు పునీత పట్టం ఇచ్చినప్పుడు అమ్మ టీవీ ముందునుంచి లేవలేదు.

ఇంక అసలు పని. ఆ ప్రార్థన పుస్తకం బాగా పాతది, జపమాలలో సంతోష, దుఃఖ, మహిమ దేవరహస్యాలే అచ్చయ్యాయి. 2002 అక్టోబరులో రెండవ జాన్‌పాల్ పోపుగారు వెలుగు దేవరహస్యాలు కలిపి, వాటిని గురువారానికి సూచించారు. అమ్మ కొత్త పుస్తకం కొనలేదు. యోర్దానులో యేసు జ్ఞానస్నానం మొదలుకొని దివ్యసత్ప్రసాద స్థాపన దాకా ఐదూ ఒక తెల్ల కాగితం మీద, ఒకటో తరగతి పిల్లలకు పలక మీద రాసిపెట్టినంత గుండ్రంగా రాసి, అన్నం మెతుకులతో అంటించింది. అన్నం జిగురుకు పురుగు పట్టి ఆ మడత దగ్గరే పుస్తకం విరిగిపోయింది. ‘విడిగా తీసి ఇచ్చేదా?’ అని అడిగాడు. పుస్తకంలోనే ఉండాలన్నాను. తడిగుడ్డతో మెల్లగా ఊడదీసి, దానికి సన్నటి కాగితం పట్టీ అతికించి, ఆ పట్టీని మిగతా పేజీలతో కలిపి కుట్టాడు. ఇప్పుడది అచ్చు పేజీలాగే తిరుగుతుంది.

ఆయన పుస్తకాన్ని ఫారం ఫారంగా, అంటే ఒక్కో మడత కట్టగా విడదీసి, చిరిగిన మడతలకు పలుచటి టిష్యూ కాగితం వేసి, మధ్యలో దారంతో కుడతాడు. జిగురు మైదాతో కాచుకుంటాడు, పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలుపుతాడు. రెగ్జిన్ అడిగితే వేస్తాడు గానీ, రోజూ చేత్తో పట్టుకునేదానికి కాలికో అనే నూలు బైండింగ్ గుడ్డే మేలని చెప్పాడు. కత్తిరించిన నోట్‌బుక్కు చూసి, ‘పోయిన కాగితం నేను తేలేను మా, తెరుచుకునేట్టు మాత్రం చేసిస్తా’ అన్నాడు. పక్కకుట్టు విప్పి మళ్లీ మధ్యనుంచి కుట్టాడు. లోపలి వైపు మాటలన్నీ ఇప్పుడు చదవొచ్చు.

అమ్మ సంవత్సరీకం పూజ అయ్యాక గుడి ఆవరణలో బల్ల మీద ఈ పుస్తకాలు పెట్టాం. ఆమె దగ్గర చదువుకున్నాయన ఒకరు, ఇప్పుడు కాయల లోడ్లు తోలుతున్నారు, తన పేజీ వెతుక్కుని ఫొటో తీసుకున్నారు. చెయ్యి వదిలేసినా ఆ పేజీ మూసుకోకుండా అలాగే ఉండటం చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

లోపాలూ చెప్పాలి. చెప్పిన తేదీకి ఇవ్వలేదు, థీసిస్‌ల సీజన్‌లో అయితే ఇంకా ఆలస్యం. ఫోన్ చేస్తే ఎత్తరు, నేరుగా వెళ్లాల్సిందే. అట్ట మీద పేరు వేయించాలంటే ఆయన దగ్గర ఇంగ్లీషు అక్షరాల అచ్చులే ఉన్నాయి. తెలుగు టీచరమ్మ పుస్తకం మీద ఇంగ్లీషు వద్దని ఖాళీగానే ఉంచేశాను. గుడ్డ రంగుల్లో కూడా ఎరుపు, నీలం, ముదురు ఆకుపచ్చ తప్ప దొరకవు. మూడింటికీ కలిపి 1,600 రూపాయలు తీసుకున్నాడు. చేసిన చాకిరీకి అది తక్కువే.

బ్రహ్మోత్సవాల రోజుల్లో ఆ దారిలో బండి పెట్టడం కష్టం, మిగతా రోజుల్లో పరవాలేదు. మెట్లు ఎత్తుగా ఉన్నాయి, పెద్దవాళ్లు పైనుంచి పిలిస్తే కుర్రాడు వచ్చి తీసుకుంటాడు. అలా కుర్రాడి చేతికి ఇచ్చేటప్పుడు మాత్రం రసీదు మీద ‘అంచులు కటింగ్ వద్దు’ అని పెద్ద అక్షరాలతో రాయించండి.