ఫోన్ మారగానే మాట మార్చిన ఓవులేషన్ యాప్

అండం విడుదలయ్యే (ఓవులేషన్) సమయాన్ని మూత్రంతో పసిగట్టే స్ట్రిప్‌ను ఫొటో తీస్తే, దాని మీది గీత ఎంత ముదురుగా ఉందో అంకెల్లో చెప్పే యాప్ ఒకటి, పిల్లల కోసం ప్రయత్నిస్తూ చాలాకాలంగా వాడుతున్నాను. పీరియడ్ తేదీలు, రిమైండర్లు లాంటివి అన్ని యాప్‌లలోనూ ఉండేవే కాబట్టి వాటి జోలికి పోను. నా కోపమంతా ఆ స్కాన్ మీదే.

మొదట్లో నాకు నచ్చిందీ అదే. ప్రెగ్నెన్సీ టెస్టులో గీత లేతగా కనబడినా లెక్కలోకి వస్తుంది. ఇక్కడ అలా కుదరదు. టెస్ట్ గీత, పోల్చుకోవడానికి పక్కనే ఉండే కంట్రోల్ గీతంత ముదురుగానో, అంతకన్నా ముదురుగానో ఉంటేనే పాజిటివ్. "సమానంగానే ఉందిగా", "లేదు, కాస్త తక్కువే" అంటూ బాత్రూమ్ లైటు కింద నేనూ మా ఆయనా వాదించుకునేవాళ్లం. యాప్ వచ్చాక ఆ గొడవ తీరింది. ఈ స్ట్రిప్ పట్టుకునే ఎల్‌హెచ్ అనే హార్మోన్ పెరగడం మొదలైన 24 నుంచి 36 గంటల్లో అండం విడుదలవుతుంది. విడుదలయ్యాక అది బతికేది ఒక రోజు లోపే. అంత ఇరుకు సమయం కోసం కాచుకుని ఉన్నప్పుడు తెర మీద ఒక అంకె కనబడితే మనసు కుదుటపడుతుంది.

అలా సాఫీగా సాగుతుండగా ఫోన్ మార్చాను. స్ట్రిప్‌ల బ్రాండ్ అదే, పరీక్ష చేసే వేళ అదే. కానీ కొత్త ఫోన్‌లో తొలి స్కాన్ నుంచే అంకెలు పైపైకి వెళ్లాయి. కంటికి లేతగా కనబడుతున్న గీతకు యాప్ 'పీక్', అంటే ఎల్‌హెచ్ బాగా పెరిగిన సమయం, అని పచ్చరంగు వేసేసింది. మేం దాన్నే నమ్ముకుని ఆ రెండు రోజులూ పనులన్నీ పక్కన పెట్టాం. రోజూ పొద్దున లేవగానే నోట్లో థర్మామీటర్ పెట్టుకునే అలవాటు నాకుంది. అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ వల్ల ఒంటి వేడి 0.2 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ దాకా పెరగాలి. రోజులు గడుస్తున్నా అది పెరగలేదు. అసలైన ముదురు గీత ఆ తర్వాత వచ్చింది. అప్పటికి మా ఆయన ఆఫీసు పని మీద వేరే ఊళ్లో ఉన్నారు. ఆ నెల అలా పోయింది.

అనుమానం వచ్చి పాత ఫోన్ బయటికి తీశాను. ఒకే స్ట్రిప్‌ను, ఒకే కిటికీ వెలుతురులో, రెండు ఫోన్లతో వెంటవెంటనే స్కాన్ చేశాను. పాతది 0.6 అంది, కొత్తది 1.1 అంది (రెండు గీతలూ సమానమైతే 1). నాకు అర్థమైనంతలో సంగతి ఇది. ఇప్పటి ఫోన్ కెమెరాలు ఒక్క ఫొటో తీసి ఊరుకోవు. కొన్ని ఫొటోలు కలిపి, నీడలు తగ్గించి, అంచులు పదునుపెట్టి, రంగులు దిద్ది మన చేతికిస్తాయి. పెళ్లి ఫొటోలకు అది బాగానే ఉంటుంది. లేత గులాబీ గీతను కూడా అలాగే దిద్దితే ఎలా? పైగా ఈ స్ట్రిప్‌లు తయారైందే అవునో కాదో చెప్పడానికి, ఆ దశాంశాలన్నీ యాప్ కట్టిన లెక్కలు. గ్రాఫ్ పరిస్థితి ఇంకా ఘోరం. పాత ఫోన్ అంకెలూ కొత్త ఫోన్ అంకెలూ ఒకే వరుసలో కలిపేసింది, ఫోన్ మారిన గుర్తు కూడా లేదు. కంపెనీకి రాస్తే, తెల్లకాగితం మీద పెట్టి తీయమనీ యాప్ తీసేసి మళ్లీ వేసుకోమనీ జవాబిచ్చారు. రెండూ చేశాను, తేడా రాలేదు.

అప్పటి నుంచి ఆ యాప్‌ను పాత ఫోన్‌లోనే ఉంచాను. అంకెను పట్టించుకోను, నిన్నటి ఫొటో పక్కన ఇవాళ్టిది పెట్టి చూసుకోవడానికే వాడతాను. స్ట్రిప్ పొట్లం మీద రాసిన నిమిషాల్లోనే కంటితో చూసి తేల్చుకుంటాం. ఆరిపోయాక గీత మారిపోవచ్చు కాబట్టి ఆలస్యంగా తీసిన ఫొటోకు విలువ లేదు. స్కాన్ గొప్పదని ఒకప్పుడు నలుగురికి చెప్పినదాన్నే. ఇప్పుడు అడిగితే, ఫోన్ మార్చనంత కాలం పర్వాలేదంటాను.

నాకు పీరియడ్స్ దాదాపు క్రమంగానే వస్తాయి, అందుకే ఈమాత్రంతో నెట్టుకొస్తున్నాను. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాని సమస్య) ఉన్నవాళ్లలో ఎల్‌హెచ్ మామూలుగానే ఎక్కువగా ఉండొచ్చు. అలాంటప్పుడు కెమెరా ఎంత మంచిదైనా స్ట్రిప్పే తికమకపెడుతుంది. 35 దాటినవాళ్లు ఆరు నెలలు, అంతకన్నా చిన్నవాళ్లు ఏడాది చూసి డాక్టర్‌ను కలవమంటారు. పీరియడ్స్ గాడి తప్పితే అంతకాలం కూడా ఆగక్కర్లేదు. ఈ యాప్ మాత్రం ఆ మాట ఎక్కడా అనదు, వచ్చే నెల తేదీలు చూపిస్తూ పోతుంది. చందా ఇంకొన్నాళ్లుంది కాబట్టి వాడతాను. ఈలోగా పాత ఫోన్ బ్యాటరీ పోతే మాత్రం రెన్యూ చేయను.