ఇన్విక్టస్: కప్పు గెలిచిన రోజు కంటే దానికి ముందు జరిగిన పనే గొప్పగా చూపిన సినిమా

క్లింట్ ఈస్ట్‌వుడ్ దర్శకత్వంలో 2009లో వచ్చిన ‘ఇన్విక్టస్’ సినిమా ఒక రోడ్డుతో మొదలవుతుంది. రోడ్డుకు ఒక పక్క పచ్చిక మైదానంలో తెల్ల పిల్లలు చక్కటి యూనిఫాంలు వేసుకొని రగ్బీ ఆడుతుంటారు; మరో పక్క కంచె వెనుక మట్టినేల మీద నల్ల పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతుంటారు. 1990 ఫిబ్రవరి 11న, ఇరవై ఏడేళ్ల జైలు జీవితం తరువాత విడుదలైన నెల్సన్ మండేలా కార్ల వరుస ఆ రెండింటి నడుమ నుంచి సాగిపోతుంది. నల్ల పిల్లలు కంచె పట్టుకొని ఆయన పేరు పిలుస్తూ కేకలు వేస్తుంటే, అవతల కోచ్ తన పిల్లలతో ఈ రోజును గుర్తుపెట్టుకోండి, మన దేశం నాశనమైన రోజు ఇదే అంటాడు. ఊరు ఒక దిక్కు, వాడ ఒక దిక్కుగా ఉన్న పల్లెల్లో పెరిగిన నల్లగొండ, పాలమూరు జిల్లాల ప్రేక్షకుడికి ఈ దృశ్యాన్ని ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

కథ 1995 రగ్బీ ప్రపంచ కప్ చుట్టూ తిరుగుతుంది. వర్ణవివక్ష కారణంగా 1987, 1991 పోటీలకు దూరంగా ఉండిపోయిన దక్షిణాఫ్రికా, మూడో ప్రపంచ కప్‌ను తన గడ్డ మీదనే నిర్వహించింది. స్ప్రింగ్‌బాక్స్ అని పిలిచే ఆ జట్టు ఆకుపచ్చ జెర్సీ తెల్లవారికి ప్రాణం; నల్లవారిలో ఎక్కువ మందికి అది అణచివేతకు గుర్తు కాబట్టి, వాళ్లు ఎదుటి జట్టు గెలవాలని కోరుకునేవారు. 1994 ఎన్నికలతో అధ్యక్షుడైన మండేలా ఆ జెర్సీనే దేశమంతటిదిగా చేయాలని పూనుకోవడం, జట్టు కెప్టెన్ ఫ్రాంస్వా పినార్‌ను తోడు చేసుకోవడం ఇందులోని ఇతివృత్తం. జర్నలిస్టు జాన్ కార్లిన్ రాసిన పుస్తకం దీనికి ఆధారం.

ఈ సినిమాలో నాకు అన్నిటికంటే విలువైనవిగా తోచినవి మైదానంలో జరిగే సన్నివేశాలు కావు, నాలుగు గోడల మధ్య జరిగేవి. మండేలా మొదటిరోజు ఆఫీసుకు వచ్చేసరికి పాత ప్రభుత్వం నాటి తెల్ల ఉద్యోగులు తమ ఉద్యోగాలు పోయినట్టేనని భావించి సామాన్లు అట్టపెట్టెల్లో సర్దుకుంటూ ఉంటారు. ఆయన వాళ్లందరినీ ఒకచోట కూర్చోబెట్టి, వెళ్లదలచిన వాళ్లు వెళ్లవచ్చనీ, భాషకో రంగుకో భయపడి మాత్రం వెళ్లవద్దనీ, మీ సాయం మాకు కావాలనీ చెబుతాడు. దీని వెంటనే వచ్చే అంగరక్షకుల ఘట్టం ఇంకా బలమైనది. అదనపు మనుషులు కావాలని అడిగిన నల్లజాతి భద్రతాధికారి జేసన్ దగ్గరికి, నిన్నటిదాకా ఉద్యమకారులను వేటాడిన స్పెషల్ బ్రాంచ్ తెల్ల పోలీసులు అధ్యక్షుడి సంతకంతో కూడిన ఉత్తరం పట్టుకొని వస్తారు. జేసన్ కోపంతో మండేలా గదిలోకి వెళతాడు. సర్దుబాటు అనేది ఈ గది నుంచే మొదలు కావాలి అన్న జవాబు వస్తుంది. ఆ తరువాత ఇరుకైన ఒకే గదిలో ఆ రెండు వర్గాల మనుషులు చూపులు కలపకుండా కూర్చునే తీరును, సినిమా చివరికి వచ్చేసరికి ఆవరణలో కలిసి బంతి ఆడుకునే తీరును దర్శకుడు ఏ తొందరా లేకుండా చూపించాడు. ఒక దేశం కలవడమంటే ఏమిటో ఈ అంగరక్షకుల కథలో అర్థమైనంతగా స్టేడియంలోని వేలమంది కేకల్లో కూడా అర్థం కాదు.

క్రీడా మండలి సమావేశం కూడా ఇదే కోవలోనిది. స్ప్రింగ్‌బాక్ పేరును, రంగులను రద్దు చేయాలని సభ తీర్మానించిన తరువాత మండేలా అక్కడికి వెళ్లి, తన సొంత మనుషుల అభీష్టానికి ఎదురు నిలిచి ఆ తీర్మానాన్ని వెనక్కు తీసుకోమని అడుగుతాడు. ఓడిపోయిన వాళ్ల దగ్గర వాళ్లు ప్రేమించే దాన్ని లాక్కుంటే వాళ్ల భయమే నిజమవుతుందని ఆయన వాదన. చేతులెత్తిన వాళ్లు తక్కువే. జనం చప్పట్ల కోసం పనిచేసే నాయకులనే ఎక్కువగా చూసిన మనకు, తన వాళ్ల కోపాన్ని నెత్తిన వేసుకొనే నాయకుడు ఎలా ఉంటాడో ఈ ఒక్క సన్నివేశం చెబుతుంది.

మండేలాగా మోర్గన్ ఫ్రీమన్, పినార్‌గా మాట్ డేమన్ ఇద్దరూ ఆస్కార్ నామినేషన్లకు తగిన పని చేశారు. ఫ్రీమన్ మెల్లని నడకలో, మాటకూ మాటకూ మధ్య తీసుకునే విరామంలో మండేలా కనబడతాడు. కెప్టెన్‌ను టీకి పిలిచి, తానే కప్పులో టీ పోసి ఇచ్చే సన్నివేశంలో గెలవమని ఒక్కసారైనా ఆజ్ఞాపించడు; మీ ఆటగాళ్లు తమ శక్తికి మించి ఆడేలా ఎలా చేస్తావని మాత్రమే అడుగుతాడు. మండేలాను ఖైదు చేసిన రాబెన్ దీవిలో పినార్ ఆయన ఉన్న జైలు గదిలోకి వెళ్లి, చేతులు చాపి గోడల మధ్య దూరాన్ని కొలిచే చోట డేమన్ నోటి వెంట మాట రాదు, రావలసిన అవసరమూ లేదు.

ఆట తెలియని వాళ్లు ఫైనల్‌ను అనుసరించగలరా అంటే, చాలావరకు అనుసరించగలరు. కబడ్డీలో పట్టు తెలిసిన వాళ్లకు బంతితో దూసుకువచ్చేవాడి నడుమునో కాళ్లనో ఒడిసిపట్టి పడేయడం కొత్తగా అనిపించదు. చేత్తో బంతిని వెనక్కో పక్కకో మాత్రమే అందించాలి. బంతిని నేల మీదకు వదిలి, అది తాకి లేచిన క్షణంలో తన్ని స్తంభాల మధ్య నుంచి పంపితే మూడు పాయింట్లు. 1995 జూన్ 24న జొహానెస్‌బర్గ్‌లోని ఎల్లిస్ పార్క్‌లో న్యూజీలాండ్‌తో 9-9గా ముగిసిన ఆట అదనపు సమయంలోకి వెళ్లింది, జోయెల్ స్ట్రాన్‌స్కీ అలా తన్నిన బంతితోనే 15-12గా తేలింది. అయితే ఈ భాగంలో దర్శకుడు అదుపు తప్పాడు. నెమ్మది కదలికల దృశ్యాలు మరీ సాగుతాయి. ఆ రోజు స్టేడియం మీదుగా పెద్ద విమానం ఎగిరిన మాట నిజమే కానీ, దాన్ని ప్రమాదమేదో ముంచుకొస్తున్నట్టు చూపించి ప్రేక్షకుణ్ణి భయపెట్టడం ఇలాంటి సినిమాకు తగని పని.

చరిత్రతో పోల్చినప్పుడు ఇంకొన్ని లోపాలు కనిపిస్తాయి. సినిమాలో మండేలా పినార్‌కు ఇంగ్లీషు కవి హెన్లీ రాసిన ‘ఇన్విక్టస్’ కవితను రాసి ఇస్తాడు. వాస్తవంలో ఇచ్చింది అమెరికా మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ప్రసంగంలోని ఒక భాగం. సినిమా పేరు ఆ కవితదే కాబట్టి ఆ మార్పును క్షమించవచ్చు. క్షమించలేనిది చెస్టర్ విలియమ్స్ పాత్రను పలచగా వదిలేయడం. జట్టు మొత్తంలో తెల్లవాడు కానివాడు అతనొక్కడే, క్వార్టర్ ఫైనల్లో వెస్టర్న్ సమోవా మీద నాలుగు ట్రైలు (బంతిని ఎదుటి జట్టు గీత దాటించి నేలకు తాకించడం) సాధించినవాడు. తెల్ల సహచరుల మధ్య అతని మనసులో ఏముందో ఒక్క సన్నివేశమైనా చెప్పదు. అలాగే నల్లవారికి రగ్బీ పరాయి ఆట అన్నట్టు సినిమా నడుస్తుంది కానీ, తూర్పు కేప్ ప్రాంతంలో నల్లజాతి వారు తరతరాలుగా ఈ ఆటను ఆడుతున్నారు. వాళ్లకు లేనిది ఇష్టం కాదు, మైదానం.

పినార్ ఇంట్లో పనిచేసే యూనిస్‌కు ఫైనల్ టికెట్ దొరుకుతుంది, ఆమె ఆ కుటుంబం పక్కనే కూర్చొని ఆట చూస్తుంది. మరునాడు ఉదయం ఆ ఇంట్లో ఆమె స్థానం మారిందా అన్న ప్రశ్న దగ్గరికి సినిమా వెళ్లదు. నాకు ఈ ప్రశ్న బలంగా తగలడానికి కారణం ఉంది. మా వైపు జాతరలకు, సంక్రాంతికి పెట్టే కబడ్డీ పోటీల్లో ఊరి జట్టులో వాడ పిల్లలూ ఉంటారు. వాళ్లు కూతకు పోతే అన్ని కులాల వాళ్లూ ఒక్క గొంతుతో అరుస్తారు. కప్పు తెచ్చిన రాత్రి భుజాల మీద ఊరేగిన పిల్లవాడు, అలా ఊరేగించిన వాళ్ల గడప అవతలే నిలబడి నీళ్లు తాగడం నేను చూశాను. ఆట మనుషులను ఒక గంట సేపు కలపగలదు; ఆ గంటకు ముందూ తరువాతా ఎవరో ఒకరు పట్టుబట్టి పనిచేయాలి. ముందు జరిగిన పనిని ఈ సినిమా అద్భుతంగా చూపింది, తరువాతి దాన్ని వదిలేసింది.

ఇన్ని లోపాలు చెప్పినా, హైస్కూలు పిల్లలకు తప్పకుండా చూపించాలని నా అభిప్రాయం. మా బడి పిల్లలకు ప్రొజెక్టర్ మీద వేసి చూపినప్పుడు వాళ్లు పెద్దగా చప్పట్లు కొట్టింది చివరి గోల్‌కు కాదు. స్టేడియం బయట రేడియో వింటున్న తెల్ల పోలీసులు మొదట కసిరి తరిమిన నల్ల పిల్లవాణ్ణి ఆట ముగిశాక ఎత్తుకొని గంతులు వేసిన చోట. చూపించదలచిన ఉపాధ్యాయులు ముందుగా వర్ణవివక్ష చట్టాల గురించి ఒక పీరియడ్ చెప్పడం అవసరం, లేకపోతే మొదటి అరగంట పిల్లలకు అందదు. నిడివి రెండుంపావు గంటలు కాబట్టి రెండు రోజులుగా విడదీసి, ఆటగాళ్లు బస్సులో మురికివాడకు వెళ్లి పిల్లలకు ఆట నేర్పే ఘట్టం దగ్గర మొదటిరోజు ఆపవచ్చు. దక్షిణాఫ్రికా యాస పిల్లలకు కష్టం. ముఖ్యమైన సంభాషణల దగ్గర ఆపి తెలుగులో చెప్పాలి, మంచి స్పీకర్ కూడా ఏర్పాటు చేసుకోవాలి.