స్పేస్ టెలిస్కోప్ డేటాతో ప్రాజెక్ట్: జేమ్స్ వెబ్ మేలా, హబుల్ మేలా, గయా మేలా?

వైజాగ్‌లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ వాళ్లు, ఇంజనీరింగ్ పిల్లలు, ఈమధ్య బీఎస్సీ సెకండియర్ వాళ్లు కూడా అడిగేది ఒకటే, "స్పేస్ టెలిస్కోప్ డేటాతో ప్రాజెక్ట్ చేద్దామనుకుంటున్నాం, జేమ్స్ వెబ్ తీసుకోమంటారా?" అని. అందరి నోటా వెబ్ పేరే. ఆ ఫొటోలు చూశాక ఎవరికైనా మనసు అటే పోతుంది. కానీ నన్నడిగితే నక్షత్రాలతో మొదలుపెట్టేవాళ్లకి గయా మేలు, గెలాక్సీలే కావాలంటే హబుల్ మేలు, వెబ్ ఆ తర్వాతే. ఎందుకో కాస్త వివరంగా రాస్తా.

అసలు మన ఊరి ఆకాశాన్ని నమ్ముకుని ప్రాజెక్ట్ పెట్టుకోవడం చాలా కష్టం. పోర్టు లైట్లు, గాజువాక వైపు వెలుగు, సముద్రం మీంచి వచ్చే తేమ, జూన్ నుంచి అక్టోబర్ దాకా మబ్బులు, ఆ తర్వాత ఎప్పుడు ఏ వాయుగుండం వస్తుందో తెలీదు. అరకు వైపు వెళ్తే చీకటి దొరుకుతుంది గానీ సెమిస్టర్ మధ్యలో ఎన్నిసార్లు వెళ్లగలరు చెప్పండి. ఆర్కైవ్ డేటాకి ఈ గొడవేం లేదు, ఫ్రీగా ఇస్తారు, ఎంవీపీ కాలనీలో రూమ్‌లో కూర్చుని చేసుకోవచ్చు. మరి ఏ ఆర్కైవ్ అన్నదే ప్రశ్న.

వెబ్ గొప్పతనం ఏంటో ముందు చెప్పుకుందాం, ఎందుకంటే దాన్ని తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. 2021 డిసెంబర్ 25న వెళ్లింది, అద్దం 6.5 మీటర్లు, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది, చూసేది ఎక్కువగా ఇన్‌ఫ్రారెడ్‌లో. బాగా దూరపు గెలాక్సీల వెలుగు మన దాకా వచ్చేసరికి విశ్వం వ్యాకోచం వల్ల సాగిపోతుంది కదా, రెడ్‌షిఫ్ట్ (ఎంత సాగిందో చెప్పే అంకె) 14 దగ్గర ఉన్న గెలాక్సీలో హైడ్రోజన్ 121.6 నానోమీటర్ల దగ్గర గీసే గీత 15 రెట్లు సాగి దాదాపు 1.8 మైక్రాన్ల (మైక్రాన్ అంటే 1000 నానోమీటర్లు) దగ్గర పడుతుంది, అంతకన్నా తక్కువ తరంగదైర్ఘ్యంలో ఆ గెలాక్సీ దాదాపు కనబడదు. హబుల్ చూపు 1.7 మైక్రాన్ల దగ్గరే ఆగిపోతుంది. అంటే ఎన్ని గంటలు ఎక్స్‌పోజర్ ఇచ్చినా హబుల్‌కి దొరకని గెలాక్సీలు వెబ్‌కి దొరుకుతున్నాయి. ఈ పని ఇంకే టెలిస్కోప్ చేయలేదు, అది ఒప్పుకోవాల్సిందే.

కష్టం ఎక్కడొస్తుందంటే, ఆర్కైవ్‌లో చాలా ఫొటోలు అతికించి చేసిన ఒక్క మొజాయిక్ ఫైలే జీబీల్లో ఉండొచ్చు, మీరే మళ్లీ ప్రాసెస్ చేసుకోవాలంటే దాని పైప్‌లైన్, అంటే ముడి డేటాని సరిచేసే సాఫ్ట్‌వేర్, ఇన్‌స్టాల్ చేయాలి, అది కాలిబ్రేషన్ ఫైళ్లు ఇంకొన్ని జీబీలు లాగుతుంది, హాస్టల్లో ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని రోజుకి 2 జీబీ డేటాతో నెట్టుకొచ్చేవాళ్లకి ఇది ఎలా కుదురుతుంది. చాలా అబ్జర్వేషన్లకి మొదటి 12 నెలలు ఆ టెలిస్కోప్ టైమ్ తీసుకున్న టీమ్‌కే డేటా మీద హక్కు, మొదటి రోజు నుంచే అందరికీ ఓపెన్‌గా ఉన్న ప్రోగ్రామ్‌లూ ఉన్నాయి గానీ వాటి మీద ప్రపంచంలో ఉన్న పెద్ద టీమ్‌లన్నీ అప్పటికే కూర్చుని ఉంటాయి. వీటన్నిటికన్నా పెద్ద చిక్కు, ఫొటో నుంచి జవాబు దాకా మధ్యలో మోడల్ ఫిట్టింగ్ చాలా ఉంటుంది. గెలాక్సీ వయసు ఎంత, బరువు ఎంత అనేది ఏదో ఒక సాఫ్ట్‌వేర్ చెప్తుంది, ఎందుకు అలా చెప్పిందో వైవాలో అడిగితే నోరు పెగలదు. మొదటి ప్రాజెక్ట్‌లో డేటా నుంచి జవాబు దాకా ప్రతి అడుగూ మీకు అర్థమై ఉండాలి. నేను పోల్చేది ఈ కొలబద్ద మీదే.

ఇప్పుడు గయా. యూరోపియన్ స్పేస్ ఏజెన్సీది, 2013 డిసెంబర్ 19న వెళ్లింది, 2025 జనవరి 15న పరిశీలనలు ఆపేసింది. ఇది అందమైన ఫొటోలు తీయలేదు, అందుకే మనవాళ్లకి పెద్దగా పేరు తెలీదు. ఇది చేసిందల్లా కొలవడం. 2022 జూన్‌లో వచ్చిన మూడో డేటా రిలీజ్‌లో 180 కోట్లకి పైగా నక్షత్రాల స్థానం, వెలుగు ఉన్నాయి, అందులో దాదాపు 146 కోట్ల వాటికి పారలాక్స్, అవి ఆకాశంలో ఏటా ఎంత జరుగుతున్నాయో కూడా ఉంది. పారలాక్స్ అంటే సూర్యుడి చుట్టూ తిరుగుతూ చూస్తుంటే దగ్గరి నక్షత్రం వెనకవాటితో పోలిస్తే అటూ ఇటూ కదిలినట్టు కనపడే కోణం. మిల్లీ ఆర్క్‌సెకండ్లలో (డిగ్రీలో 3600వ వంతు ఆర్క్‌సెకండ్, అందులో వెయ్యో వంతు ఇది) ఉన్న ఆ అంకెతో 1000ని భాగిస్తే పార్సెక్కుల్లో (ఒకటి సుమారు 3.26 కాంతి సంవత్సరాలు) దూరం వచ్చేస్తుంది. ఇంటర్ లెక్క, అంతే.

ఉదాహరణకి కృత్తికలు తీసుకోండి, కార్తీకమాసంలో సాయంత్రం తూర్పున లేచేవి, బీచ్ రోడ్డు లైట్లలో కూడా ఐదారు కనపడతాయి. గయా ఆర్కైవ్‌లో వాటి చుట్టూ రెండు డిగ్రీల వ్యాసార్థంలో, పారలాక్స్ 5కి పైన ఉన్న నక్షత్రాలన్నీ ఇవ్వమని నాలుగు లైన్ల క్వెరీ (ఆర్కైవ్‌కి మనం రాసే ప్రశ్న) రాస్తే ఫైల్ కొన్ని ఎంబీలు దాటదు. అందులో ముందూ వెనకా ఉన్నవి కూడా కలిసి వస్తాయి. సింహాచలం గిరి ప్రదక్షిణ జనంలో ఒకే ఊరివాళ్లు ఒకళ్లనొకళ్లు వదలకుండా గుంపుగా నడిచినట్టు కృత్తికల నక్షత్రాలన్నీ ఒకే దిక్కుకి ఒకే వేగంతో జరుగుతుంటాయి, ఏటా తూర్పుకి 20, దక్షిణానికి 45 మిల్లీ ఆర్క్‌సెకండ్లు అటూ ఇటూగా. ఆ గ్రాఫ్ గీస్తే గుంపు ఒక్కచోట ముద్దగా కనపడుతుంది, మిగతావి తీసేయొచ్చు. మిగిలిన వందల నక్షత్రాల సగటు పారలాక్స్ 7.4 దగ్గర వస్తుంది, అంటే 135 పార్సెక్కులు, సుమారు 440 కాంతి సంవత్సరాలు.

ఇది ఉత్త ఎక్సర్‌సైజ్ కాదండి, ఒకప్పుడు నిజంగా పెద్ద తగాదా. 1989లో వెళ్లిన హిప్పార్కస్ ఉపగ్రహం ఈ గుంపు దూరం సుమారు 120 పార్సెక్కులే అంది, మిగతా పద్ధతులన్నీ 133, 135 దగ్గర తేల్చాయి, ఎవరిది తప్పు అని ఏళ్ల తరబడి వాదించుకున్నారు. హిప్పార్కస్ అంకె నిజమైతే నక్షత్రాల మోడల్సే మార్చాల్సి వచ్చేది. ఆ తగాదా ఎటు తేలిందో ఇవాళ బీఎస్సీ స్టూడెంట్ మామూలు ల్యాప్‌టాప్ మీద సొంతంగా చూడొచ్చు. నాకు గయా అంటే ఇంత ఇష్టం ఇందుకే.

అదే ఫైల్‌లో రంగు, వెలుగు కూడా ఉంటాయి కాబట్టి హెచ్‌ఆర్ డయాగ్రమ్, అంటే నక్షత్రాల రంగుకి వెలుగుకి గీసే గ్రాఫ్, కూడా వచ్చేస్తుంది, టెక్స్ట్‌బుక్‌లో బొమ్మగా చూసిన మెయిన్ సీక్వెన్స్ (ఎక్కువ నక్షత్రాలు పడే వరస) మీ స్క్రీన్ మీద చుక్క చుక్కగా పడుతుంది, కాస్త జాగ్రత్తగా చూస్తే దానికి పైన సన్నగా ఇంకో గీత, అవి జంట నక్షత్రాలు, రెండూ కలిసి ఒక్కటిగా కనపడ్డం వల్ల 0.75 మాగ్నిట్యూడ్ (నక్షత్రాల వెలుగు కొలత) దాకా ఎక్కువ వెలుగు. పక్కన ఎం67 గుంపు కూడా గీసి చూడండి, దాని వయసు దాదాపు 400 కోట్ల ఏళ్లు, పై భాగం వంగిపోయి రెడ్ జెయింట్ల (ముసలితనంలో ఉబ్బిన నక్షత్రాల) వైపు తిరుగుతుంది, కృత్తికలు ఇంకా లేతవి కాబట్టి అలా ఉండదు.

గయాకి లోటు లేదని కాదు. దూరం పెరిగేకొద్దీ పారలాక్స్ చిన్నదైపోయి ఎర్రర్ మింగేస్తుంది, కొన్నిటికి మైనస్ పారలాక్స్ కూడా వస్తుంది, దాంతో భాగిస్తే అర్థం లేని దూరం. పారలాక్స్ దాని ఎర్రర్‌కి కనీసం 10 రెట్లు ఉన్నవే తీసుకుంటే మొదట్లో సేఫ్. ఇక గెలాక్సీల విషయంలో అయితే ఇది పనికిరాదు, ఆండ్రోమెడా 25 లక్షల కాంతి సంవత్సరాల దూరం, అంత దూరానికి ఈ పద్ధతి అందదు.

అందుకే గెలాక్సీలకి హబుల్ అన్నా. 1990 నుంచి పనిచేస్తోంది, 2.4 మీటర్ల అద్దం, వెబ్ పక్కన చిన్నదే. కానీ మూడు దశాబ్దాల డేటా కుప్ప ఉంది, ఎక్కువ భాగం అందరికీ ఓపెన్, ఏ కెమెరాలో ఏ లోపం ఉందో, దాన్ని ఎలా సరిచేయాలో డాక్యుమెంట్లలో రాసిపెట్టి ఉంది. 1995లో సప్తర్షి మండలంలో ఏమీ లేనట్టు కనపడే చిన్న ముక్కని పది రోజులు చూసి దాదాపు 3000 గెలాక్సీలు పట్టిన డీప్ ఫీల్డ్ డేటా కూడా మీరు దించుకోవచ్చు. ఒక స్పైరల్ గెలాక్సీని నీలం ఫిల్టర్‌లో, ఎరుపు ఫిల్టర్‌లో తీసుకుని రెండిటి నిష్పత్తి చూస్తే గెలాక్సీ మెలికల చేతుల్లో కొత్త నక్షత్రాలు, మధ్యలో ముసలివి, ఎక్కడెక్కడ ఉన్నాయో మ్యాప్ వస్తుంది, ఇందులో ప్రతి అడుగూ వైవాలో చెప్పగలరు.

వేరే నక్షత్రాల గ్రహాలు వెతికే నాసా టెలిస్కోప్ టెస్ సంగతి క్లుప్తంగా చెప్తా. 2018లో వెళ్లింది, ఒక్కో ఆకాశపు ముక్కని 27 రోజులు చూస్తుంది, లైట్‌కర్వ్ అనే పైథాన్ ప్యాకేజీతో కొన్ని లైన్లలో గ్రహం అడ్డొచ్చి వెలుగు తగ్గడం చూడొచ్చు. కోడింగ్ వచ్చిన ఇంజనీరింగ్ పిల్లలకి ఇదే బాగా నచ్చుతుందేమో. ఒక్క పిక్సెల్ 21 ఆర్క్‌సెకండ్లు, పక్క నక్షత్రాల వెలుగు కలిసిపోతుంది, కాబట్టి ఆ చుట్టుపక్కల ఏమున్నాయో మళ్లీ గయాలోనే చూసుకోవాలి. 2015లో శ్రీహరికోట నుంచి వెళ్లిన మన ఆస్ట్రోశాట్ డేటా కూడా ఓపెనే, నేనైతే అందులో అల్ట్రావయొలెట్ టెలిస్కోప్ చిత్రాలు ఎంచుకోమంటా, ఎక్స్-రే డేటా మాత్రం గైడ్ పక్కనుంటే తప్ప మొదట్లో వద్దు.

ఇంకో విషయం, గయా నాలుగో రిలీజ్ 2026 డిసెంబర్‌లో అన్నారు. మూడోది 34 నెలల పరిశీలనలతో చేసింది, నాలుగోది 66 నెలలతో. సగటు అంకెలే కాకుండా ఏ రోజు ఏ కొలత వచ్చిందో కూడా ఇస్తారంట, జంట నక్షత్రాల మీద పనిచేయాలనుకునేవాళ్లకి ఇది పెద్ద నిధి. క్వెరీ రాయడం ఇప్పటి డేటా మీదే నేర్చుకుని ఉంచుకోండి, రిలీజైన మొదటి వారం సర్వర్ల మీద ప్రపంచమంతా పడుతుంది, అప్పుడు కూర్చుని నేర్చుకోవడం కష్టం.