ఏడీడబ్ల్యూ క్లీనర్: పదేళ్ల వాడకం తర్వాత

2015, ఎంసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టే రోజులు. ఖమ్మంలో మా నెట్ సెంటర్ కిటకిటలాడుతోంది. మూడో సిస్టమ్ దగ్గర కూర్చున్న అమ్మాయి హాల్ టికెట్ చేత్తో పట్టుకుని, "అన్నా, కౌన్సెలింగ్ సైట్ ఇదేనా?" అని అడిగింది. వెళ్లి చూస్తే గూగుల్ లేదు. ఎప్పుడూ చూడని సెర్చ్ పేజీ, పైన ఒక టూల్‌బార్, కింద వరసగా యాడ్లు. వాటిలో ఒకటి నొక్కి, వచ్చిన పేజీలో తన నంబరు, పుట్టిన తేదీ కొట్టబోతోంది. నాకు చెమటలు పట్టాయి. ఆ అమ్మాయిని పక్క సిస్టమ్‌లో కూర్చోబెట్టి ఆప్షన్లు పెట్టించాను.

హోమ్ పేజీ మార్చాను, ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి తగిలించే చిన్న అదనపు ప్రోగ్రామ్) తీసేశాను. బ్రౌజర్ మూసి తెరిస్తే మళ్లీ అదే పేజీ. అందరూ ఫార్మాట్ కొట్టించమన్నారు. ఆ రాత్రి మొదటిసారి ఏడీడబ్ల్యూ క్లీనర్ నడిపాను. ఇలా అడగకుండా వచ్చి చేరే టూల్‌బార్లు, యాడ్లను వెతికి తీసేసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. అప్పటి నుంచి మా ఐదు సిస్టమ్‌లలోనూ ఇదే వాడుతున్నాను.

ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. ఫైల్ మీద డబుల్ క్లిక్ చేసి స్కాన్ పెడితే కాసేపట్లో జాబితా వస్తుంది. టూల్‌బార్లు, హైజాకర్లు (హోమ్ పేజీని లాక్కునేవి), యాడ్‌వేర్ (యాడ్లు చూపించేవి) ఏవున్నాయో చూపిస్తుంది. వాటిని క్వారంటైన్ చేసి, అంటే పనిచేయకుండా విడిగా బంధించి, రీస్టార్ట్ చేస్తే అయిపోయింది. పొరపాటున కావాల్సింది పోయినా క్వారంటైన్ నుంచి వెనక్కి తెచ్చుకోవచ్చు. 2016లో మాల్‌వేర్‌బైట్స్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ దీన్ని కొన్నా, ఉచితంగానే ఉంచింది.

నాకు అన్నిటికన్నా నచ్చింది దాని లాగ్ ఫైల్, అంటే ఎక్కడ ఏం దొరికిందో రాసిపెట్టే ఫైల్. సీ డ్రైవ్‌లో దాని పేరుతోనే ఉండే ఫోల్డర్‌లో దొరుకుతుంది. ఆ రోజు లాగ్‌లో షార్ట్‌కట్స్ అనే చోట క్రోమ్ పేరు కనిపించింది. పక్క సిస్టమ్‌కీ అదే పేజీ తగులుకుంటే ఈసారి చేత్తో వెతికాను. డెస్క్‌టాప్ మీది క్రోమ్ ఐకాన్‌పై రైట్ క్లిక్, ప్రాపర్టీస్, టార్గెట్ పెట్టె. కర్సర్‌ను చివరిదాకా జరిపితే, క్రోమ్ ఫైల్ పేరు అయిపోయాక ఒక ఖాళీ, దాని వెనక ఎవరిదో వెబ్ అడ్రస్! లోపల ఎన్ని సెట్టింగులు మార్చినా ఎందుకు నిలవలేదో అప్పుడు అర్థమైంది. బ్రౌజర్ తెరిచిన ప్రతిసారీ ఆ ఐకానే మనల్ని అక్కడికి తీసుకెళ్తోంది.

అసలు ఎలా వచ్చిందంటే, అప్లికేషన్‌కి ఫోటో 50 కేబీ లోపు ఉండాలని ఎవరో ఫోటో తగ్గించే సాఫ్ట్‌వేర్ దించారు. ఇలాంటివి ఇన్‌స్టాల్ చేసేటప్పుడు టూల్‌బార్‌కి టిక్ ముందే పెట్టి ఉంటుంది. నెక్స్ట్, నెక్స్ట్ కొట్టేస్తే అది కూడా దిగిపోతుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కస్టమ్ అనే ఆప్షన్ ఎంచుకుంటేనే ఆ టిక్కులు బయటపడతాయి.

ఇక ఇది చేయలేనివి. ఉచిత క్లీనర్ కాపలా కాయదు, మనం నడిపినప్పుడే చూస్తుంది. విండోస్‌లో తప్ప పనిచేయదు. క్రోమ్‌లో సింక్ (సెట్టింగులు, ఎక్స్‌టెన్షన్లు గూగుల్ అకౌంట్‌లో దాచే సదుపాయం) ఆన్‌లో ఉంటే, ఇక్కడ తీసేసిన ఎక్స్‌టెన్షన్ ఆ అకౌంట్ ద్వారా తిరిగి రావచ్చు. అలాంటప్పుడు ముందు సింక్ ఆపి, తర్వాత స్కాన్ పెడుతున్నాను. మూలన టపటపా పడే లాటరీ, వైరస్ నోటిఫికేషన్లు చాలాసార్లు టూల్‌బార్ పని కాదు. ఎప్పుడో ఏదో సైట్‌కి 'అలో' నొక్కి ఉంటాం. క్రోమ్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్లలోకి వెళ్లి మనమే తీసేయాలి.

ఏడీడబ్ల్యూ క్లీనర్ సెట్టింగ్స్‌లో ప్రాక్సీ రీసెట్, విన్‌సాక్ రీసెట్ లాంటివి ఉంటాయి. ఇవి విండోస్ నెట్ సెట్టింగులను మొదటికి తెస్తాయి. అవసరం లేకుండా వాటిని ఆన్ చేయకండి. ప్రాక్సీ (నెట్‌కి మధ్యలో ఉండే సర్వర్) మీద నడిచే ఆఫీసుల్లో ఆ ఒక్క టిక్కుతో నెట్ ఆగిపోతుంది. లాప్‌టాప్‌తో వచ్చిన సాఫ్ట్‌వేర్ కూడా జాబితాలో విడిగా కనిపిస్తుంది, అందులో వాడుకునేవి ఉంటే వదిలేయండి. క్లీన్ చేసేముందు తెరిచి ఉన్నవన్నీ మూసేస్తుంది కాబట్టి, సగం నింపిన అప్లికేషన్ ఉంటే మాత్రం అస్సలు నడపకండి. డౌన్‌లోడ్ మాల్‌వేర్‌బైట్స్ సొంత సైట్ నుంచే చేసుకోవాలి. దీని పేరు పెట్టుకుని డబ్బు అడిగే నకిలీలు కూడా వచ్చాయి.

ఇప్పుడు శనివారం రాత్రి షట్టర్ సగం దించాక ఐదు సిస్టమ్‌లూ స్కాన్ చేస్తాను. అన్నిటి డెస్క్‌టాప్ మీదా పెయింట్ ఐకాన్ పెట్టాను. ఫోటో తగ్గించాలని ఎవరొచ్చినా అందులో రీసైజ్ ఎక్కడుందో నేనే చూపిస్తాను.