ఏఐ రాసిన గేమ్ కోడ్‌కి డెప్‌ట్రీ: ఏడాది వాడాక నా మాట

అమలాపురంలో మా మేడ మీద ఆదివారాలు ఏడెనిమిది మంది డిగ్రీ పిల్లలు కూర్చుని పైగేమ్ అనే పైథాన్ లైబ్రరీతో ఆటలు తయారుచేస్తారు. సగం కోడ్ ఏఐ చేతే రాయించుకుంటారు. దానికి నేను అడ్డు చెప్పను. ఇబ్బందల్లా ఏమిటంటే, ఏఐ ఇంపోర్ట్ చేసే లైబ్రరీలు (వేరేవాళ్లు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్) చాలాసార్లు రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో, అంటే ఆటకి కావాల్సిన లైబ్రరీల లిస్టులో ఉండవు. నా లాప్‌టాప్‌లో ఆడిన ఆట రాజోలు కుర్రాడి సిస్టమ్‌లో తెరుచుకోదు. అందుకే వీటిని సరిచూసే డెప్‌ట్రీ అనే టూల్ పట్టుకున్నాను.

ఇది కోడ్‌ని నడపదు. ఇంపోర్ట్‌లన్నీ చదివి, మనం రాసిన లిస్టుతో పోల్చి చూస్తుంది. లిస్టులోనూ సిస్టమ్‌లోనూ లేనిదానికి 001 అనే తప్పు నంబరు, లిస్టులో రాసినా వాడనిదానికి 002 చూపిస్తుంది. నేను ఎక్కువ విలువిచ్చేది 003కి. లైబ్రరీ ఎలాగో మన సిస్టమ్‌లో ఉంది, లిస్టులో మాత్రం లేదు అని దానర్థం. 'నా దగ్గర ఆడుతోంది కదా సార్' అనే మాట పుట్టేది సరిగ్గా ఇక్కడే.

ప్రాజెక్టు వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లోనే (ఆ ప్రాజెక్టు లైబ్రరీలకి విడిగా పెట్టుకునే చోటు) దీన్ని ఇన్‌స్టాల్ చేసుకోండి. బయట పెడితే లిస్టులోని పేరునీ, ఇంపోర్ట్ చేసే పేరునీ అది కలుపుకోలేదు. ఉదాహరణకి బొమ్మలకి వాడే పిల్లో లైబ్రరీని కోడ్‌లో పీఐఎల్ అని ఇంపోర్ట్ చేస్తాం కాబట్టి, లిస్టులో ఉన్నా లేదంటుంది.

ఇది పట్టుకోలేనిది ఒకటి మాకు గట్టిగా తగిలింది. ఒకమ్మాయి పంటు (నది దాటించే పడవ) ఆట చేసింది. కొబ్బరికాయల లోడుతో పాయ దాటాలి. నీటి అలల కోసం ఏఐ పైగేమ్‌లోని సర్ఫ్‌అర్రే అనే భాగం వాడింది. డెప్‌ట్రీ ఒక్క తప్పూ చూపలేదు. తీరా ఆ అమ్మాయి ఇంటికెళ్లి తెరిస్తే, అల లేచే చోట ఆట ఆగిపోయింది. సర్ఫ్‌అర్రేకి నంపై అనే లెక్కల లైబ్రరీ కావాలి, పైగేమ్ దాన్ని వెంట తెచ్చుకోదు. మన కోడ్‌లో నంపై అన్న మాటే లేనప్పుడు డెప్‌ట్రీ మాత్రం ఏం చూస్తుంది? మర్నాడు కాలేజీలో చూపించాలని పాపం రాత్రంతా టెన్షన్ పడింది. లిస్టులో నంపై అని ఒక్క లైన్ కలిపితే సరిపోయింది. అప్పటి నుంచి డెప్‌ట్రీ ఓకే అన్నా సరే, కొత్త ఎన్విరాన్‌మెంట్ తెరిచి, లిస్టులో ఉన్నవి మాత్రమే వేసి, ఆటని చివరిదాకా ఒకసారి ఆడిస్తున్నాం. బొమ్మలు, సౌండ్ ఫైళ్లు లేకపోయినా అప్పుడే తెలుస్తుంది.

ఇంకో భయం ఉంది. ఏఐ ఒక్కోసారి అసలు లేని లైబ్రరీ పేరు కల్పించి రాస్తుంది. డెప్‌ట్రీ దానికీ 001 అనే చెబుతుంది తప్ప, అది కల్పితమని చెప్పలేదు. 001 కనబడగానే పిల్లల చెయ్యి పిప్ ఇన్‌స్టాల్ (లైబ్రరీని దింపుకునే కమాండ్) మీదికి పోతుంది. అలాంటి పేర్లతోనే దొంగ ప్యాకేజీలు పెట్టేవాళ్లున్నారు. కాబట్టి ముందు పైథాన్ లైబ్రరీలు దొరికే పైపీఐ సైట్‌లో ఆ పేజీ తెరిచి, ఎవరు నడుపుతున్నారు, ఎన్నాళ్లుగా ఉంది, సోర్స్ కోడ్ లింకు ఉందా అని చూడాల్సిందే. మా మేడ మీద ఈ మూడూ చూడకుండా ఎవర్నీ ఎంటర్ కొట్టనివ్వను.

ఉచితం, ఓపెన్ సోర్స్, మా పాత లాప్‌టాప్‌లో కూడా క్షణాల్లో పని ముగిస్తుంది. ఐదుకి నాలుగు ఇస్తాను.