జేబు తూనిక, పదింతల భూతద్దం: ఎర్రర్ నాణేలకి నాలుగేళ్ల వాడకం తర్వాత

0.01 గ్రాము దాకా చూపే జేబు తూనిక, పదింతల భూతద్దం. ఎర్రర్ నాణేలంటే టంకశాలలోనే తప్పుగా తయారైనవి; వాటిని తేల్చడానికి విజయనగరంలో నాలుగేళ్లుగా ఈ రెండింటితోనే పని. చూసేవి ఎక్కువగా 1943–47 చిల్లు కానీలు, 1940 తర్వాతి వెండి రూపాయలు.

తూనికకి గాలి పడదు. ఫ్యాన్ తిరుగుతుంటే చివరి అంకె నిలవదు. ముందు 2012 నాటి అరగని రూపాయి బిళ్ల పెట్టండి, 3.79 గ్రాముల దగ్గర చూపకపోతే బ్యాటరీ మార్చాలి, లేదా మళ్లీ సరిచేయాలి.

దీని అసలు ఉపయోగం నీళ్ల పరీక్షలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో రూపాయి వెండిని 91.7 నుంచి 50 శాతానికి దించారు. బరువు మాత్రం 11.66 గ్రాములే ఉంచారు. కాబట్టి ఉత్తి తూకంతో తేడా తెలీదు. చిన్న గ్లాసులో నీళ్లు పోసి తూనిక మీద పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నని దారంతో కట్టి, అడుగుకి తగలకుండా ముంచండి. నాణెం బరువుని అప్పుడు కనిపించే అంకెతో భాగిస్తే వచ్చేది సాంద్రత: 50 శాతం వెండికి 9.5 దగ్గర, పాతదానికి 10.3 దగ్గర వస్తుంది. అంచుకి బుడగ అంటుకుంటే లెక్క తప్పుతుంది. 1947 రూపాయి నికెల్‌ది, దానికి అయస్కాంతం చాలు.

ఎర్రర్ తేల్చేది మాత్రం అద్దమే. అంచు తెగిన నాణెం టంకశాలలోనే తెగి ఉంటే, దానికి సరిగ్గా ఎదుటి అంచు కూడా నీరసంగా పడుతుంది. కటింగ్ ప్లేయర్‌తో కోసినదానికి ఎదుటి అంచు నిండుగా ఉంటుంది. రెండు చిల్లుల కానీ అని ఎవరైనా చూపితే చిల్లు ఒడ్డు చూడండి: డ్రిల్లు బెజ్జమైతే ఒకవైపు రజను లేచి ఉంటుంది, గుండ్రటి గీతలు కనిపిస్తాయి. ‘చిల్లు పడని కానీ’కి తూనిక దండగ, మామూలు కానీ చిల్లు పూడ్చినా బరువు పెరుగుతుంది కదా! మధ్యలో వలయంలా అతుకు గీత ఉందేమో వెతకాలి. ముప్పై రెట్లని రాసిన చవక అద్దాలు వద్దు, అంచులు మసకబారతాయి.

చూసే ముందు బుడితి ఇత్తడి చెంబులాగ చింతపండుతో తోమొద్దు. మనం వెతికే ఒడ్డే అరిగిపోతుంది.

మళ్లీ కొంటే 500 గ్రాముల తూనికే. 200ది గ్లాసూ నీళ్లకే నిండిపోతోంది.